మీ ఊరి బాప్టిస్టు సంఘం చరిత్ర రాయాలంటే ఎలా?

ఏ పల్లెలో అడిగినా సంఘం చరిత్ర ఒక్క ముక్కలో చెప్పేస్తారు, ఫలానా మిషనరీ దొరగారు వచ్చారు, గుడి కట్టించారు, అంతే. దొరగారి పేరు అందరికీ నోటికొచ్చు, కానీ ఆయనకంటే ముందే ఆ పల్లెకి నడిచొచ్చి చెప్పిన మనిషి పేరు అడిగితే మాత్రం అందరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు. వందేళ్ల పండగకి పుస్తకం వేద్దామనుకునేవాళ్లు ఆ రెండో పేరు కోసమే తిరగాలని నా ఉద్దేశం, మొదటిది ఎలాగూ దొరుకుతుంది.

స్టెప్ 1: మీది ఏ మిషనో తేల్చుకోండి

గుడి బోర్డు చూడండి. ఎస్.టి.బి.సి. (సమావేశం ఆఫ్ తెలుగు బాప్టిస్ట్ చర్చెస్) అని ఉంటే అమెరికన్ బాప్టిస్టుల వైపు, సి.బి.సి.ఎన్.సి. (కన్వెన్షన్ ఆఫ్ బాప్టిస్ట్ చర్చెస్ ఆఫ్ నార్తర్న్ సర్కార్స్) అని ఉంటే కెనడియన్ బాప్టిస్టుల వైపు. నెల్లూరు, ఒంగోలు, నరసరావుపేట, కర్నూలు, తెలంగాణలో హనుమకొండ, నల్గొండ లాంటివి అమెరికా వాళ్ల చేతిలో ఉండేవి, కాకినాడ నుంచి పైన శ్రీకాకుళం దాకా, కింద ఆకివీడు వైపు కెనడా వాళ్లవి. అమెరికన్ బాప్టిస్టుల మొదటి మిషనరీ శామ్యూల్ డే 1836లో విశాఖపట్నం వచ్చి, మద్రాసు వెళ్లి, 1840లో నెల్లూరు చేరాడు. అక్కడ ఏళ్ల తరబడి చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే, అమెరికాలో ఈ మిషన్ మూసేద్దామా అని కూడా మాటలు నడిచాయి. కాకినాడ కథ వేరు, అక్కడ పని మొదలెట్టింది థామస్ గాబ్రియేల్ అనే టెలిగ్రాఫ్ ఉద్యోగి, మన మనిషే, ఆయన సాయం అడిగితేనే 1874లో కెనడియన్ మిషనరీ మెక్లారిన్ దొర వచ్చాడు. ఈ వరస చాలామంది తిరగేసి చెప్తారు.

స్టెప్ 2: పుస్తకాలకంటే ముందు పెద్దాళ్ల దగ్గరికెళ్లండి

సంవత్సరం అడగొద్దు, ఎవరూ చెప్పలేరు, చెప్పినా తప్పే చెప్తారు. మొదట బాప్తిస్మాలు ఎక్కడ ఇచ్చారు తాతా అని అడగండి. బాప్టిస్టులు ముంచి ఇస్తారు కాబట్టి చెరువో కాలవో ఏటి మడుగో ఏదో ఒక చోటు తప్పకుండా ఉంటుంది, ఆ చోటు గుర్తొచ్చిందంటే పక్కన నిలబడ్డవాళ్లు కూడా ఒక్కొక్కళ్లే గుర్తొస్తారు. గుడి అప్పుడు తాటాకుదా పెంకుటిల్లా, బడి ఎవరింటి అరుగు మీద నడిచింది, ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పిన బైబిలు స్త్రీ ఎవరు, ఇవి అడగండి. ఆడవాళ్లని విడిగా కూర్చోబెట్టి అడిగితే మేలు, మగవాళ్లు పక్కనుంటే మధ్యలో అందుకుంటారు.

స్టెప్ 3: రిజిస్టర్లు

బాప్టిస్టుల్లో ఏ సంఘం దానికదే, పైన బిషప్పు ఉండడు, అందుకే పాత పుస్తకాలు ఎక్కడో ఒక ఆఫీసులో భద్రంగా ఉంటాయని ఆశ పెట్టుకోవద్దు. పాస్టరుగారి ఇంట్లో ట్రంకుపెట్టె, పాత సెక్రటరీ గారి అటక, ఇవే మన ఆర్కైవ్స్. నేను చూసిన ఒక రిజిస్టరు అంచులన్నీ చెదలు తినేసి, తడికి రెండేసి పేజీలు అతుక్కుపోయి ఉంది, అలాంటివి గోరుతో లాగొద్దు, చిరిగితే మళ్లీ రాదు, తెరుచుకున్నంతవరకే పగటి వెలుతుర్లో ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి. ఇంకో సంగతి, ఇక్కడ పసిబిడ్డలకి బాప్తిస్మం ఉండదు, కాబట్టి బాప్తిస్మం తేదీని పుట్టిన తేదీగా రాసేయొద్దు. మీ ముత్తాతకి పసితనంలోనే ఇచ్చినట్టు ఎక్కడైనా కనిపిస్తే ఆ కుటుంబం ముందు లూథరన్ల దగ్గరో ఇంకో మిషన్లోనో ఉండొచ్చు, ఆ దారి కూడా వెతకండి.

సమాధుల తోట, గుడి గోడలో శంకుస్థాపన రాయి, ఇవి ఒక పూట పని.

స్టెప్ 4: మిషన్ రిపోర్టులు

పాత వార్షిక రిపోర్టులు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఫ్రీగా చదవొచ్చు, అసలు కాగితాలు కావాలంటే అమెరికావి అట్లాంటాలో, కెనడావి హామిల్టన్‌లో ఉన్నాయి. మన ఊరి పేరు మన స్పెల్లింగ్‌తో కొడితే మాత్రం ఏమీ రాదు. కాకినాడని కొకనాడ అని, శ్రీకాకుళాన్ని చికాకోల్ అని, భీమునిపట్నాన్ని బిమ్లీపటం అని వెతకాలి, చిన్న పల్లె అయితే దొరగారి చెవికి ఎలా వినపడి ఉంటుందో ఊహించి నాలుగైదు రకాలుగా కొట్టి చూడాలి.

స్టెప్ 5: విన్నదాన్ని తేదీలతో సరిచూడండి

మా ముత్తాతకి 1850లో క్లౌ దొర బాప్తిస్మం ఇచ్చాడు అని ఎవరో అంటారు, ఒంగోలులో పనిచేసిన ఈ అమెరికన్ మిషనరీ క్లౌ మన దేశం వచ్చిందే 1865లో. అలాగని ఆ మాట పూర్తిగా కొట్టిపారేయొద్దు, బాప్తిస్మం నిజం అయ్యుండొచ్చు, ఇచ్చిన చెయ్యి వేరేది. దీనికి పెద్ద ఉదాహరణ ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏటి ఒడ్డున ఉన్న వెల్లంపల్లి. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలవలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని ఇచ్చాడు, కూటి కోసం చేరారనే మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ లెక్క అందరికీ తెలుసు, కానీ ఆ రోజు నీళ్లలో నిలబడి ముంచింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరేసి చొప్పున వంతులేసుకుని. ఒంగోలు పల్లెల్లో దీనికి దారి వేసిన యెర్రగుంట్ల పేరయ్య కూడా తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు తిరిగినప్పుడే ఈ బోధ విన్నాడు, 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. మీ ఊరి పేరయ్య ఎవరో రిపోర్టులో "ఒక నేటివ్ హెల్పర్" (ఇక్కడి సహాయకుడు) అని మాత్రమే ఉంటుంది, స్టెప్ 2లో పెద్దాళ్లు చెప్పిన పేర్లు ఆ పక్కన పెట్టి చూడండి.

స్టెప్ 6: అచ్చు వేసే ముందు

1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకి ఎస్సీ హోదా లేదు, అందుకే చాలా ఇళ్లలో కాగితం మీద ఒక మతం, ఆదివారం ఇంకో మతం. బతికున్నవాళ్ల పేర్లు, ఇంటిపేర్లు, బాప్తిస్మం వివరాలు వాళ్లని అడక్కుండా పుస్తకంలో వేశారంటే ఎవరి ఉద్యోగానికో చదువుకో ఎసరొస్తుంది, చనిపోయినవాళ్ల విషయంలో కూడా కుటుంబాన్ని అడిగే వేయండి. రిజిస్టరు ఫోటోలు ఫేస్‌బుక్‌లో అస్సలు పెట్టొద్దు.

రాయడం అయ్యాక ఆదివారం ఆరాధన తర్వాత పెద్దాళ్లని కూర్చోబెట్టి గట్టిగా చదివి వినిపించండి, పెన్ను చేతిలోనే ఉంచుకోండి, మధ్యలో ఎవరో ఒకావిడ "కాదు బాబూ, ఆ బడి చెప్పింది మా మేనత్త" అంటుంది.