మొలవని బటర్‌ఫ్లై వీడ్ గింజలు, కుళ్లిన వేర్లు

బటర్‌ఫ్లై వీడ్ అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రపు ప్రెయిరీల (గడ్డి మైదానాల) నారింజ పూల మొక్క. మన జిల్లేడుకు చుట్టమే, కానీ తుంచితే పాలు కారవు.

గింజలు నేరుగా కుండీలో వేస్తే ఒకటీ అరా తప్ప మొలవలేదు. వాటికి చలి తగలాలి. తడిపి గట్టిగా పిండిన పేపర్ టవల్‌లో చుట్టి, జిప్ కవర్లో 30 రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, అర సెంటీమీటరు లోతున వేస్తే మొలిచాయి. టవల్ నీళ్లోడుతుంటే బూజు ఖాయం.

బంకమట్టిలో నీరు నిలిచి, దుంపలాంటి తల్లివేరు కుళ్లింది. ఇసుక కలిసిన మట్టిని 20 సెంటీమీటర్లు ఎత్తు పోసి, పూర్తి ఎండలో, 45 సెంటీమీటర్ల ఎడంతో నాటాక నిలిచాయి. ఎరువు దండగ. మళ్లీ పెకలించి మార్చొద్దు, వేరు తెగితే కోలుకోవడం కష్టం. చలికాలం పోయాక చిగురు ఆలస్యంగా వస్తుంది; చచ్చిందనుకుని తవ్వేయకుండా పక్కన పుల్ల గుచ్చండి.

పసుపు పేనుబంకకు మందు కొడితే ఈ ఆకులు తినే మోనార్క్ సీతాకోకచిలుక గొంగళి పురుగులూ చస్తాయి. ఆకు అడుగున ఆ సీతాకోకచిలుక గుడ్లు లేవని చూసి, నీళ్లతో కడిగితే చాలు.