పిన్‌కోడ్‌ను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం ఎలా?

ఆరంకెల సంఖ్యను చేతి లెక్కతో విడగొట్టడం సాధన చేయాలంటే ఇంటికొచ్చిన కవరు మీది పిన్‌కోడ్ చాలు. అనంతపురం 515001, కడప 516001, కర్నూలు 518001. మూడూ 001తోనే ముగుస్తాయి గానీ లోపల దేని తీరు దానిదే. కాగితం, పెన్సిలు, 130 లోపు ప్రధాన సంఖ్యల పట్టీ దగ్గర పెట్టుకోండి. ఈ మూడింటికీ అంతకు మించి అక్కర్లేదు.

ముందు అనంతపురం. చివరి అంకె 1, కాబట్టి 2, 5 భాగించవు. అంకెలు కూడితే 12, అంటే 3తో పోతుంది: 171667. దీని అంకెల మొత్తం 28 కనుక 3 మళ్లీ రాదు.

7, 11, 13లను ఒక్క దెబ్బకు చూడొచ్చు, ఎందుకంటే 7×11×13 = 1001. అసలు సంఖ్యను కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా విడదీసి తీసివేయండి: 515 − 001 = 514. 7, 11, 13లలో ఈ 514ను ఏది నిశ్శేషంగా భాగిస్తే అదే మొత్తం సంఖ్యనూ భాగిస్తుంది. ఇక్కడ శేషాలు 3, 8, 7. అంటే మూడూ భాగించవు. చాలామంది తడబడేది కామా దగ్గర. మనం 5,15,001 అని రాస్తాం కదా, ఆ కామాల ప్రకారం మూడు ముక్కలు చేస్తే లెక్క చెడుతుంది.

ఇక 171667ను వరసగా భాగించాలి. వర్గమూలం 414 చిల్లర, అదే హద్దు. 17, 19, 23, 29, 31, 37లకు శేషాలు 1, 2, 18, 16, 20, 24. 41కి తెగుతుంది: 4187. వెంటనే హద్దు కూడా దించండి. 65² = 4225 కాబట్టి 64 దాటనక్కర్లేదు. పాత హద్దే పట్టుకుని వందల దాకా భాగించడం దండగ పని. 41 మళ్లీ పోదు, 43, 47 పోవు, 53 పోతుంది.

515001 = 3 × 41 × 53 × 79

ఫోన్ క్యాలిక్యులేటర్ వాడినా తప్పులేదు. 171667 ÷ 37 = 4639.648… అని వస్తే 4639ని 37తో గుణించి తీసేయండి, మిగిలే 24 శేషం.

కర్నూలుది తొందరగా తేలుతుంది. అంకెల మొత్తం 15, కనుక 3 ఉంది. 518 − 1 = 517 = 11×47, కనుక 11 ఉంది. రెండింటితో భాగిస్తే 15697. 11 అయిపోయిందని ముందుకెళ్లకండి: అంకెలను ఒకటి కూడుతూ ఒకటి తీసేస్తూ పోతే 1−5+6−9+7 = 0, అంటే 11తో మరోసారి పోతుంది. మిగిలిన 1427ను 37 దాకా పరీక్షిస్తే ప్రధానమని తేలుతుంది. కాబట్టి 3 × 11² × 1427.

ఓపికకు పరీక్ష కడపదే. 17తో భాగిస్తే 30353 వస్తుంది, హద్దు 174. ఆపైన 17 నుంచి 113 దాకా వరసగా 24 ప్రధాన సంఖ్యలు విఫలమవుతాయి. వంద దాటగానే ఇది ప్రధానమేలే అని వదిలేస్తారు. 127 దగ్గర తెగుతుంది: 17 × 127 × 239.

మొత్తం భాజకాలెన్నో చెప్పాలంటే ప్రతి ఘాతానికీ 1 కలిపి గుణించండి. అనంతపురానికి 16, కడపకు 8, కర్నూలుకు 2×3×2 = 12. 11 ఘాతం 2 అని మరిస్తే ఈ 12 కాస్తా 8 అయిపోతుంది.

చివరగా సరిచూడండి. 3, 41, 53, 79ల అంకెల మొత్తాలు 3, 5, 8, 16; 16ను మళ్లీ కూడితే 7. 3, 5, 8, 7ల లబ్ధం 840, అంకెలు కూడితే 12, మళ్లీ కూడితే 3. 515001కీ 3 వస్తుంది. అయితే 79ని పొరపాటున 97 అని రాసినా ఈ పద్ధతి పట్టుకోలేదు, అంకెల మొత్తం మారదు కదా. అందుకే చివరి అంకెలూ గుణించండి: 3×1×3×9 = 81, చివర 1, సరిపోయింది. 97 రాసుంటే చివర 3 వచ్చి దొరికిపోతుంది.