టీసీ లేదని పిల్లాణ్ణి బళ్లో చేర్చుకోకపోతే

పనికోసం ఊరు మారినప్పుడు, సగం ఏడాదిలో ఎవరు చేర్చుకుంటారులే అని చాలామంది తల్లిదండ్రులు పిల్లల్ని ఇంట్లోనే ఉంచేస్తారు. అక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని సర్కారు బడి చేర్చుకోవాల్సిందే. టీసీ (పాత బడి ఇచ్చే బదిలీ సర్టిఫికెట్) ఆలస్యమైందనో, పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదనో కాదనకూడదు.

పిల్లాణ్ణి వెంటబెట్టుకుని నేరుగా హెడ్‌మాస్టర్ దగ్గరికి వెళ్లండి. "టీసీ తెచ్చాక చూద్దాం" అంటే వాదన పెట్టుకోకుండా తెల్లకాగితం మీద దరఖాస్తు రాసిచ్చి, రెండో కాపీ మీద తేదీతో సంతకం పెట్టమనండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది (పెన్ను మీరే తీసుకెళ్లండి). అప్పటికీ కుదరదంటే ఆ కాపీతో ఎంఈఓని (మండల విద్యాధికారిని) కలవండి.

మధ్యలో చదువు ఆగిన పిల్లల్ని చిన్న తరగతిలో కూర్చోబెడతామంటే మాత్రం ఒప్పుకోవద్దు: వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చి, వెనకబడిన పాఠాలకి విడిగా శిక్షణ ఇవ్వాలని అదే చట్టంలో ఉంది.