ఆయిస్టర్ చిప్ప ఆకారం చూసి జాతి తేలట్లేదా? ఇలా చెక్ చేయండి

బరంపురంలో చదివే మన పిల్లలు సోనాపూర్ దగ్గర బాహుదా నది మొగలో, గోపాల్‌పూర్ రాళ్ళ మీద ఆయిస్టర్లు కొట్టుకొచ్చి ఎక్కువగా అడిగేవి ఇవే.

సమస్య: ఒకే రాయి మీదవి, ఒక్కోటి ఒక్కో ఆకారం.
కారణం: ఆయిస్టర్ పిల్ల ఒకసారి రాయికి అతుక్కుంటే ఇక కదలదు, దొరికిన చోటులోనే పెరుగుతుంది, ఇరుకులో పొడుగ్గా సాగుతుంది, ఖాళీ రాయి మీద వెడల్పుగా పరుచుకుంటుంది.
పరిష్కారం: చిప్ప తెరిచి కీలు పక్క అంచుని గోటితో తడమండి. వరసగా చిన్న బొడిపెలు తగిలితే సాకోస్ట్రియా అనే గుంపు అయ్యే అవకాశం ఎక్కువ, నున్నగా ఉంటే క్రాసోస్ట్రియా అనే గుంపు. జాతి మాత్రం దీంతో తేలదు.

సమస్య: క్రోమోజోములు లెక్కపెట్టినా తేడా లేదు.
కారణం: ఆయిస్టర్లలో మామూలుగా అన్నిటికీ 10 జతలే, పచ్చ ఆలిచిప్పకైతే 15, అంటే లెక్క కుటుంబాల్ని విడదీస్తుంది గానీ దగ్గరి జాతుల్ని కాదు.
పరిష్కారం: క్రోమోజోమ్ చేతుల (మధ్య నొక్కుకి రెండు వైపులా ఉండే భాగాల) పొడవు కొలవండి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ దొరికితే మగవాటి వీర్యకణం తల మీదుండే ఆక్రోసోమ్ అనే టోపీ ఆకారం చూడండి, చిప్పలా అది రాయిని బట్టి మారదు. దానికి బీజకోశం ముక్కని ఒడ్డునే గ్లూటరాల్డిహైడ్‌లో (కణాన్ని చెడకుండా నిలిపే ద్రవం) వేయాలి, హాస్టల్‌కి వచ్చాక వేస్తే కణం పాడైపోయుంటుంది.

సమస్య: పీసీఆర్‌లో (డీఎన్ఏ ముక్కని లక్షల కాపీలు చేసే పద్ధతి) బ్యాండ్, అంటే జెల్ మీద డీఎన్ఏ గీత, రాదు.
కారణం: ఫార్మలిన్‌లో పెట్టి ఉంటారు, లేదా ఒంటి జిగురు డీఎన్ఏతో పాటే వచ్చేసి ఎంజైమ్‌ని ఆపేస్తుంది. నేను ముందు అనుమానించేది జిగురునే.
పరిష్కారం: చిప్పని మూసే కండరం చిన్న ముక్క కోసి, 95 శాతం ఇథనాల్‌లో వేసి, మర్నాడు ఇథనాల్ మార్చండి. సీటాబ్ (జిగురుని విడదీసే రసాయనం) పద్ధతిలో డీఎన్ఏ తీసి, పది రెట్లు పలచన చేసి మళ్ళీ పెట్టండి. 1994 నాటి ఫోల్మర్ ప్రైమర్లతో (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు) సీఓఐ (జాతిని గుర్తించడానికి వాడే మైటోకాండ్రియా జన్యువు) బ్యాండ్ 700 బేస్‌ల దగ్గర రావాలి.

సమస్య: సీఓఐ ఒకటి చెప్తోంది, 28ఎస్ (కేంద్రకంలో ఉండే జన్యువు) ఇంకోటి.
కారణం: మైటిలస్ అనే ఆలిచిప్పలో, మనీలా క్లామ్ అనే ఇంకో రెండు చిప్పల జీవిలో తండ్రి మైటోకాండ్రియా కూడా కొడుకులకి పోతుంది, మగదాని బీజకోశంలో అదే నిండా ఉంటుంది, దాన్నుంచి డీఎన్ఏ తీస్తే ఒకే జాతి రెండులా కనిపిస్తుంది.
పరిష్కారం: అలాంటి వాటిలో పాదం నుంచి తీయండి, ఆడో మగో రాసుకోండి. ఆయిస్టర్లలో ఇలా వస్తే ముందు వేరే దాని డీఎన్ఏ కలిసిందనుకుని, ఇంకో ముక్కతో మొదట్నుంచీ చేయండి.

సమస్య: డేటాబేస్‌లో రెండు పేర్లు మ్యాచ్ అవుతున్నాయి.
కారణం: క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్ అనే జాతిని ఇప్పుడు బైలినియేటా అనే జాతిలో కలిపేశారు, పైగా 2017లో ఈ ఆసియా గుంపుకి మగల్లానా అని కొత్త జీనస్ (దగ్గరి జాతుల గుంపు పేరు) పెట్టారు, దాన్ని అందరూ ఒప్పుకోలేదు.
పరిష్కారం: పాత పేరూ కొత్త పేరూ రెండూ రాయండి. ఏ చిప్పలోంచి ముక్క కోశారో ఆ చిప్పని మాత్రం పారేయొద్దు, రెండిటికీ ఒకే నంబర్ వేయండి, సీసాలోపలి చీటీ మీద పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను ఇంకు ఇథనాల్‌లో కరిగిపోతుంది.