మీకు మీరే విమానయానం – 7వ భాగం: కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్ అంచున

పోయిన భాగంలో సెక్షనల్ చార్టు (పైలట్లు వాడే మ్యాప్) మీద గీతలు చదవడం చూశాం. కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్ అంటే కంట్రోలర్ల అదుపులో ఉండే ఆకాశం; ఎయిర్‌పోర్టుల చుట్టూ ఉండే దాని తరగతులు, ఎక్కువ రద్దీ నుంచి తక్కువకి, బి, సి, డి. క్లాస్ బి చుట్టూ నీలం గీత, క్లాస్ సి చుట్టూ మెజెంటా గీత, క్లాస్ డి చుట్టూ ముక్కముక్కలుగా నీలం గీత. ఈసారి ఆ గీతల దగ్గరికి విమానంలో వెళ్దాం. మిగతా భాగాల్లో లాగే ఇక్కడా అమెరికా నియమాలే తీసుకుంటున్నాను. వేరే దేశంలో ఎగిరేవాళ్లు అక్కడి రూల్సు విడిగా చూసుకోవాలి.

ప్రైవేట్ పైలట్ లైసెన్సు ఉన్న ప్రతివాళ్లూ ఈ రూల్సు చదివి పరీక్ష పాసైనవాళ్లే. అయినా గీత దాటేస్తుంటారు. గీత దగ్గరపడే సమయానికి ఒకపక్క ఫ్రీక్వెన్సీ వెతుక్కుంటూ ఉంటారు, ఇంకోపక్క పక్కసీట్లోవాళ్లు ఏదో అడుగుతూ ఉంటారు, జీపీఎస్ గీత తిన్నగా వెళ్తోంది కాబట్టి ముక్కు దానిమీదే ఉంచేస్తారు. అందుకని ఈ భాగంలో సాధన చేయాల్సింది ఒక్కటే: గీత దగ్గర చేయాల్సిన నిర్ణయాన్ని గీతకు చాలా ముందే చేసి పెట్టుకోవడం.

మాట కలవడం, అనుమతి రావడం

క్లాస్ సిలోకి గానీ డిలోకి గానీ వెళ్లాలంటే కంట్రోలర్‌తో రెండువైపులా మాట కలవాలి. మీ కాల్‌సైన్ (రేడియోలో మీ విమానం పేరు) అటునుంచి వినిపించడమే దానికి గుర్తు. మీరు పిలిస్తే "సెస్నా త్రీ ఫోర్ ఆల్ఫా, స్టాండ్ బై" అని వచ్చిందనుకోండి. ఆగమన్నట్టు వినిపిస్తుంది గానీ, రూలు ప్రకారం మాట కలిసినట్టే, లోపలికి వెళ్లవచ్చు. "ఎయిర్‌క్రాఫ్ట్ కాలింగ్, స్టాండ్ బై" అని వస్తే మాత్రం కలవనట్టే. పిలిచింది ఎవరో ఆయనకి ఇంకా తెలియదు, మీరు బయటే ఉండాలి. కాల్‌సైన్ చెప్పి మరీ "రిమెయిన్ అవుట్‌సైడ్" అంటే ఇక వేరే చెప్పక్కర్లేదు, బయటే.

క్లాస్ బి లెక్క వేరు. అక్కడ కాల్‌సైన్ వినిపిస్తే చాలదు, "క్లియర్డ్ ఇన్‌టు క్లాస్ బ్రావో" అన్న మాట చెవిన పడాలి. చాలామంది బోల్తాపడేది ఫ్లైట్ ఫాలోయింగ్‌లో (కంట్రోలర్ రాడార్‌లో చూస్తూ ట్రాఫిక్ గురించి చెప్పే సేవలో) ఉన్నప్పుడు. అరగంటగా అదే కంట్రోలర్‌తో మాట్లాడుతున్నారు. "రాడార్ కాంటాక్ట్" అన్నాడు, ఎదురొచ్చే ట్రాఫిక్ గురించి చెప్పాడు. మనల్ని చూస్తూనే ఉన్నాడు, వద్దనుకుంటే చెప్పేవాడే అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే నోరు తెరిచి అడగాలి: "కన్ఫర్మ్ త్రీ ఫోర్ ఆల్ఫా ఈజ్ క్లియర్డ్ ఇన్‌టు ద బ్రావో?" ఈ ఒక్క ప్రశ్నకి మొహమాటపడి ఇబ్బందుల్లో పడటం అన్యాయం.

షెల్ఫ్ కింద

క్లాస్ బి తలకిందులుగా నిలబెట్టిన గోపురంలా ఉంటుంది. ఎయిర్‌పోర్ట్ దగ్గర నేలదాకా ఉండి, దూరం వెళ్లేకొద్దీ దాని అడుగు అంచెలంచెలుగా పైకి జరుగుతుంది. ఆ అంచెల (షెల్ఫుల) కింద క్లియరెన్స్ లేకుండా ఎగరవచ్చు. చిక్కంతా ఎంత కింద అన్నదే.

షెల్ఫ్ అడుగు 3000 అడుగులు అనుకుందాం. 2900లో వెళ్తే రూలు తప్పినట్టు కాదు. కానీ మంచి ఎండలో, మేఘం కింద, నిమిషానికి 600 అడుగుల చొప్పున పైకి తోసే గాలి తగిలితే ఆ 100 అడుగులు 10 సెకన్లలో అయిపోతాయి. తల వంచి ఫ్రీక్వెన్సీ మార్చడానికి కూడా అంతకన్నా ఎక్కువసేపు పట్టొచ్చు.

దీనికంటే మోసకారి ఆల్టిమీటర్ (గాలి ప్రెషర్‌ని బట్టి ఎత్తు చూపే మీటర్) సెట్టింగ్. హై ప్రెషర్ నుంచి లో ప్రెషర్‌లోకి వెళ్తే అనుకున్నదానికన్నా కిందుంటాం, కొండలతో జాగ్రత్త అని అందరికీ మొదట్లోనే నేర్పుతారు. షెల్ఫ్ కింద దెబ్బతీసేది దీనికి తిరగేసిన సంగతి. బయల్దేరినచోటి ప్రెషర్ 29.85 అంగుళాలు ఆల్టిమీటర్‌లో పెట్టుకున్నారు. ఇక్కడికొచ్చేసరికి ప్రెషర్ 30.10. నాబ్ తిప్పడం మరిచారు. తేడా 0.25 అంగుళం, అంగుళానికి సుమారు 1000 అడుగుల లెక్కన 250 అడుగులు. ఆల్టిమీటర్ ముల్లు 2800 దగ్గర కదలకుండా ఉంటుంది, మీరేమో 3050లో ఉంటారు. కంట్రోలర్‌కి మాత్రం అసలు ఎత్తే కనబడుతుంది. ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి జవాబిచ్చే విమానంలోని పరికరం) పంపే ప్రెషర్ ఆల్టిట్యూడ్‌కి మీ నాబ్‌తో సంబంధం లేదు, దాన్ని అక్కడి ప్రెషర్‌తో సరిచేసేది వాళ్ల సిస్టమ్. అందువల్ల షెల్ఫ్ కిందికి దూరేముందు దగ్గర్లోని ఏటిస్ (ఎయిర్‌పోర్ట్ రేడియోలో రికార్డు చేసి వినిపించే వాతావరణ సమాచారం) విని ఆల్టిమీటర్ మార్చుకోవడం చెక్‌లిస్టులో ఒక వరుసగా రాసుకోండి.

అంచు నుంచి పక్కకి 2 నాటికల్ మైళ్లు, నిలువునా 200 అడుగులు వదలమని బ్రిటన్‌లో పైలట్లకి చెప్తారు. మంచి అలవాటు. గాలి కుదుపులున్న మధ్యాహ్నం మాత్రం, కింద నేలకి సరిపడా ఎత్తు ఉంటే, 500 అడుగులు వదలమంటాను.

జవాబు రాకపోతే

మీ విమానం వేగం 100 నాట్లు, వెనకగాలి 20. అంటే నేలమీద 120 నాట్లు, నిమిషానికి 2 నాటికల్ మైళ్లు. క్లాస్ సి బయటి వలయం సాధారణంగా కేంద్రం నుంచి 10 మైళ్లు. 20 మైళ్ల దగ్గర పిలిస్తే చేతిలో 5 నిమిషాలుంటాయి. 13 మైళ్ల దగ్గర పిలిస్తే నిమిషంన్నర. ఫ్రీక్వెన్సీ బిజీగా ఉంటే ఆ నిమిషంన్నర ఒక జెట్ పైలట్ రీడ్‌బ్యాక్‌కీ (విన్నది తిరిగి చెప్పడానికీ), ఇంకొకరి ప్రశ్నకీ సరిపోతుంది. టెన్షన్ మొదలయ్యేది అక్కడే.

అందుకే గీతకు 4 మైళ్ల ముందు చార్టు మీద ఒక చుక్క పెట్టండి. అక్కడికి జవాబు రాలేదంటే ఇక ఆలోచన లేదు, తిరగడమే. స్టాండర్డ్ రేట్‌లో ఒక చుట్టుకి 2 నిమిషాలు. గాలి మిమ్మల్ని గీతవైపే తోస్తోంది కాబట్టి ప్రతి చుట్టుకీ మైలులో మూడింట రెండు వంతులు ముందుకి జరిగిపోతారు. మూడు చుట్లు తిరిగితే 4 మైళ్లలో సగం పోయినట్టే. రెండు చుట్ల తర్వాత ముక్కు గాలికి ఎదురు పెట్టి కాస్త వెనక్కి వచ్చి మళ్లీ పిలవండి.

లోపలికి వెళ్లిపోయామని తెలిస్తే

ముందు విమానం నడపండి. మరీ ఎక్కువగా వంచి తిప్పొద్దు. కంట్రోలర్‌కి ఎక్కడున్నారో చెప్పి, ఏం చేయమంటారో అడగండి. భయంతో ట్రాన్స్‌పాండర్ కట్టేయాలనిపిస్తే, ఆ చేతిని అక్కడే ఆపండి. పెద్ద విమానాల్లోని టీకాస్ (ఢీకొనకుండా హెచ్చరించే పరికరం) మిమ్మల్ని చూడగలిగేది దానివల్లే.

ఇది మాటవరసకి చెప్పడం లేదు. 1986 ఆగస్టు 31న లాస్ ఏంజెలెస్ దగ్గర సెరిటోస్ మీద, అనుమతి లేకుండా టెర్మినల్ కంట్రోల్ ఏరియాలోకి (నేటి క్లాస్ బి) వచ్చిన పైపర్ ఆర్చర్, ఏరోమెక్సికో 498 డీసీ-9 ఢీకొన్నాయి. పైపర్ ట్రాన్స్‌పాండర్ ఎత్తు పంపే రకం కాదు. డీసీ-9లో 64 మంది, పైపర్‌లో 3, నేలమీద 15, మొత్తం 82 మంది చనిపోయారు. పెద్ద విమానాల్లో టీకాస్, రద్దీ ఎయిర్‌పోర్టుల చుట్టూ ఎత్తు పంపే ట్రాన్స్‌పాండర్ తప్పనిసరి కావడానికి ఆ ప్రమాదమే ముఖ్య కారణం.

కంట్రోలర్ ఫోన్ నంబర్ ఇస్తే రాసుకోండి, వాదన రేడియోలో వద్దు. దిగాక 10 రోజుల్లోపు నాసా నడిపే ఏఎస్‌ఆర్‌ఎస్‌కి (విమానయాన భద్రతా నివేదికల వ్యవస్థకి) జరిగింది జరిగినట్టు రాసి పంపండి. కావాలని చేసింది కాకపోతే శిక్ష తప్పే అవకాశం దానితో ఉంటుంది.

ఈ భాగానికి అభ్యాసం

క్లాస్ సి బయటి వలయంలో చార్టు మీద 42/14 (పైహద్దు 4200, అడుగుహద్దు 1400 అడుగులు) అని ఉంది. మీ దారి కేంద్రానికి 8 మైళ్ల దూరంగా పోతుంది. వేగం 100 నాట్లు, వెనకగాలి 20. కింద నేల 300 అడుగులు. కింద నుంచి వెళ్తారా, పైనుంచా, పిలిచి లోపలినుంచా? ఎక్కడ పిలుస్తారు, జవాబు రాకపోతే ఎక్కడ తిరుగుతారు? చార్టు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. జవాబులు 8వ భాగం మొదట్లో.