తేలిక యాక్షన్ మీద మధ్యరకం బరువు రైఫిల్: మిగిలిన ఔన్సులు ఎక్కడ ఖర్చు పెట్టాలి

తూటాను బ్యారెల్‌లోకి తోసి మూసే బోల్ట్, అది కదిలే రిసీవర్, రెండూ కలిపితే యాక్షన్. టైటానియం యాక్షనో, కింబర్ 84ఎమ్ లాంటి సన్నటి ఉక్కు యాక్షనో చేతికి రాగానే అందరికీ పుట్టే మొదటి ఆలోచన ఒకటే, దీనితో అయిదు పౌండ్ల రైఫిల్ కట్టేద్దామని. కట్టొచ్చు, ఎత్తుకుని కొండలెక్కడానికి బాగానే ఉంటుంది, కానీ ట్రిగ్గర్ నొక్కే క్షణంలో అది చేతుల్లో కుదురుగా ఉండదు, గుండె కొట్టుకున్నప్పుడల్లా క్రాస్‌హెయిర్ ఊగుతుంది, పైగా భుజం మీద గట్టిగా తన్నుతుంది. నా మాట వింటే యాక్షన్ దగ్గర మిగిలిన బరువును దాచుకోకుండా తీసుకెళ్లి బ్యారెల్‌లో పెట్టండి. స్కోప్‌తో కలిపి ఎనిమిది పౌండ్ల దగ్గర తేలే రైఫిల్ అవుతుంది. ఇదేమీ కొత్త లెక్క కాదు, ఫ్యాక్టరీ రైఫిళ్లు చాలావరకు ఇంతే తూగుతాయి. తేడా ఏమిటంటే ఇందులో బరువు పనికొచ్చే చోట ఉంటుంది.

పని మొదలుపెట్టే ముందు చట్టం గురించి నాలుగు మాటలు. ఇదంతా అమెరికా సంగతి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద సరదా వేట అన్నదే లేదు, ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేకుండా తుపాకీ తయారీ కూడా నేరమే, కాబట్టి ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఉండి చదువుతున్నవాళ్లు ఇది చదివి వదిలేయండి. అమెరికాలో కూడా సీరియల్ నంబర్ ఉన్న రిసీవర్‌నే చట్టం తుపాకీగా లెక్కగడుతుంది, అందుకని ఒట్టి యాక్షన్ కొన్నా లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరే కొనేవాళ్లు నింపాల్సిన ఫెడరల్ పత్రం, ఫారం 4473, నింపి తీసుకోవాలి.

హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. ఫెడరల్ చట్టం ప్రకారం వాళ్ల దగ్గర తుపాకీ ఉండకూడదు, దానికి ఉన్న మినహాయింపుల్లో మనవాళ్లకు పనికొచ్చేది చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్. టెక్సస్ వేట లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబరు రాకముందే రెన్యూ చేయడం మర్చిపోతే అల్మారాలో ఉన్న రైఫిలే మీ మెడకు చుట్టుకుంటుంది, తర్వాత గ్రీన్‌కార్డు ఫైల్ చేసేటప్పుడు ఆ టెన్షన్ పడే బదులు ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒక మాట అడగండి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు టెక్సస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా తప్పనిసరి.

ఇక పనిలోకి వద్దాం. ముందు తూటా ఏదో తేల్చుకోండి, ఎందుకంటే యాక్షన్ పొడవు, మ్యాగజీన్, బ్యారెల్ ట్విస్ట్ (లోపలి మెలిక గాడులు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయన్నది) అన్నీ దాన్నిబట్టే ఉంటాయి. టెక్సస్ హిల్ కంట్రీ జింకలకు, అడవి పందులకు నా ఓటు 7ఎమ్ఎమ్-08 రెమింగ్టన్‌కే. 1980లో వచ్చింది, .308 వించెస్టర్ ఖోలునే మెడ దగ్గర సన్నం చేసి తయారుచేశారు, 140 గ్రెయిన్ల గుండును సెకనుకు 2,800 అడుగుల దగ్గర పంపుతుంది. 6.5 క్రీడ్‌మూర్ కావాలంటే అదీ పెట్టుకోండి, కాదనను, షాపుల్లో తూటాలు దానికే తేలిగ్గా దొరుకుతాయి. కానీ తేలిక యాక్షన్ మీద మ్యాగ్నమ్, అంటే ఎక్కువ మందు పట్టే పెద్ద తూటాల, జోలికి మాత్రం వెళ్లకండి, ఈ చిన్న యాక్షన్లు .308 కుటుంబం పొడవుకు, మందానికి కొలిచి చేసినవి.

బరువు వల్ల ఏమొస్తుందని అడిగేవాళ్లకు చిన్న లెక్క. ఒకే తూటా పేల్చినప్పుడు రైఫిల్ తన్నే శక్తి దాని బరువుకు విలోమంగా ఉంటుంది. పైన చెప్పిన 7ఎమ్ఎమ్-08 తూటా ఆరున్నర పౌండ్ల రైఫిల్‌లో సుమారు 17, 18 ఫుట్‌పౌండ్లు తంతే, ఎనిమిది పౌండ్లలో 14 చిల్లర తంతుంది. కాగితం మీద తేడా చిన్నదే, రేంజ్‌లో ఇరవై తూటాలు పేల్చాక భుజాన్ని అడగండి చెబుతుంది. దెబ్బకు భయపడి ట్రిగ్గర్ దగ్గర అదిరిపడే అలవాటు ఒకసారి పట్టుకుందంటే వదిలించుకోవడం చాలా కష్టం.

ఇప్పుడు బడ్జెట్, డబ్బుది కాదు బరువుది. ఎనిమిది పౌండ్లంటే 128 ఔన్సులు. నేను వేసుకునే లెక్క ఇలా ఉంటుంది: టైటానియం యాక్షన్ బోల్ట్‌తో కలిపి 27 ఔన్సుల ప్రాంతం, బ్యారెల్ 50, స్టాక్ (యాక్షన్ కూర్చునే, భుజానికి ఆనించే భాగం) 28 నుంచి 30, ట్రిగ్గర్, కింద మ్యాగజీన్ సామాను కలిపి 8, స్కోప్, రింగులు 15. మొత్తం 128 నుంచి 130, అంటే ఎనిమిది పౌండ్లు, మహా అయితే ఇంకో రెండు ఔన్సులు. మామూలు ఉక్కు యాక్షన్ అయి ఉంటే ఇదే సామానుతో ఇంకో అర పౌండు దాకా పెరిగేది. కంపెనీ వెబ్‌సైట్‌లో రాసిన బరువులు నమ్మి ఆర్డర్ చేయకండి, కొన్నిసార్లు బోల్ట్ లేకుండా రాస్తారు, కొన్నిసార్లు భుజానికి ఆనే రబ్బరు ప్యాడ్ లేని స్టాక్ బరువు రాస్తారు. ప్రతి వస్తువూ రాగానే వంటింటి త్రాసు మీద పెట్టి చూసి ఒక కాగితం మీద రాసుకుంటూ పోండి.

బ్యారెల్ దగ్గర కాస్త ఆగాలి, అసలు కథంతా ఇక్కడే ఉంది. 22 అంగుళాల పొడవు, మూతి దగ్గర సుమారు 0.65 అంగుళం మందం, 7ఎమ్ఎమ్-08కి 9 అంగుళాలకు ఒక ట్విస్ట్, ఇంతే అడగండి. ఇది మూడు పౌండ్ల పైచిలుకు తూగుతుంది. క్రీగర్, బార్ట్‌లైన్, టెక్సస్‌లోనే ఎన్నిస్ ఊళ్లో ఉన్న షైలెన్, ఎవరిదైనా మంచిదే. ఇంకా లావు వద్దా అంటే వద్దు. బ్యారెల్ అంతా యాక్షన్ మరల మీద వేలాడుతూ ఉంటుంది, చిన్న యాక్షన్‌కు స్టాక్‌లో కూర్చునే చోటు తక్కువ, మోయాల్సిన బరువేమో ఎక్కువ. పైగా సన్నటి రిసీవర్ రింగ్ ముందు లావు బ్యారెల్ మెట్టులా పొడుచుకొచ్చి చూడ్డానికి కూడా బాగోదు, కాబట్టి షాంక్‌ను, అంటే బ్యారెల్ మొదలును, రింగ్ మందానికే దించి చేయమని ముందే చెప్పండి. ఫ్లూటింగ్, అంటే బ్యారెల్ పైన పొడవునా గాడులు తీయడం, గురించి అడుగుతారు కాబట్టి: ఒకే మందం ఉన్న రెండు బ్యారెళ్లలో గాడులు తీసినది తేలికవుతుంది, కానీ బిగువు కొంత పోతుంది. ఒకే బరువున్న రెండింటిలో మాత్రం గాడులు తీసిన లావు బ్యారెలే బిగువుగా ఉంటుంది. మనకు ఇక్కడ బరువు కావాలి గనక ఆ డబ్బు స్కోప్‌కు పెట్టుకోవడం మేలు.

కార్బన్ చుట్టిన బ్యారెళ్ల మీద నాకు ద్వేషమేమీ లేదు, చూడ్డానికి బాగుంటాయి. కానీ తేలిక కోసం అంత డబ్బు పోసి, మళ్లీ బరువు చాలక స్టాక్‌లో సీసం నింపుకునేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది.

బ్యారెల్ బిగించడం, చాంబర్ (తూటా కూర్చునే గుంత) కోయడం, హెడ్‌స్పేస్ పెట్టడం గన్‌స్మిత్‌కే వదిలేయండి, ఇది మొహమాటానికి చెబుతున్న మాట కాదు. హెడ్‌స్పేస్ అంటే తూటా చాంబర్‌లో ఆనే చోటుకూ బోల్ట్ ముఖానికీ మధ్య దూరం, అది హద్దు దాటితే ఖోలు చిట్లి వేడి గ్యాస్ మీ మొహం వైపు రావచ్చు. ఆ దూరం కొలిచే గో గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, నో-గో గేజ్ మీద మూసుకోకూడదు, రైఫిల్ తీసుకునేటప్పుడు ఆ రెండూ మీ ముందే చేసి చూపించమనండి, మంచి గన్‌స్మిత్ ఎవరూ ఏమీ అనుకోరు. కొన్ని కస్టమ్ యాక్షన్లకు కొలత ప్రకారం ముందే చాంబర్ కోసిన ప్రీఫిట్ బ్యారెళ్లు దొరుకుతాయి, వాటికీ గేజ్ పరీక్ష తప్పదు. టైటానియం యాక్షన్ అయితే ఇంకో సంగతి, ఆ లోహం ఉక్కు మరలతో రాసుకుంటే కరుచుకుపోతుంది, అందుకని మరలకు యాంటీసీజ్ గ్రీజు పూయకుండా బిగించకూడదు. ఈ మాట అంటే తెల్లమొహం వేసే గన్‌స్మిత్ దగ్గర నుంచి యాక్షన్ వెనక్కి తీసుకొచ్చేయండి.

స్టాక్‌కు మెక్‌మిలన్ వాళ్ల ఎడ్జ్ లాంటి తేలిక కార్బన్ ఫైబర్ రకం సరిపోతుంది. మరీ పౌండు బరువున్న స్టాకులూ ఉన్నాయి, అవి వేరే రకం రైఫిళ్లకు. బ్యారెల్ గాడి మీరు ఆర్డర్ చేసిన కాంటూర్‌కే (బ్యారెల్ బయటి ఆకారానికే) కోసి ఇమ్మని చెప్పాలి, లేకపోతే తర్వాత ఇసుక కాగితంతో గంటలకొద్దీ రుద్దుకోవడమే.

బెడ్డింగ్, అంటే యాక్షన్ కింద స్టాక్‌లో ఎపాక్సీ నింపి అచ్చు తీయడం, మాత్రం ఇంట్లోనే చేసుకోవచ్చు, ఓపిక ఉంటే చాలు. దీని పని ఒక్కటే, యాక్షన్ స్టాక్‌లో ప్రతిసారీ అదే చోట, ఏ వంపూ లేకుండా కూర్చోవడం. ముందుగా బోల్ట్, ట్రిగ్గర్ తీసేయండి. యాక్షన్‌లో ఉన్న ప్రతి బొక్క, ప్రతి సందు, పిన్ను రంధ్రం సహా, పిల్లలు ఆడుకునే మట్టి ముద్దతో నింపి బ్లేడుతో చదును చేయండి, ఇది బద్ధకించారో ఎపాక్సీ లోపలికి పోయి గట్టిపడి యాక్షన్ స్టాక్‌కు శాశ్వతంగా తాళం పడుతుంది. రీకాయిల్ లగ్‌కు (యాక్షన్ ముందు కిందికి పొడుచుకొచ్చే ముక్క) ముందువైపు, పక్కలకు, అడుగుకు టేపు వేయండి, వెనక వైపు మాత్రం వేయకండి, తన్ను మోసేది ఆ ముఖమే. తర్వాత రంగులేని బూట్ పాలిష్ ఒక పొర పూసి ఆరనిచ్చి తుడిచి, ఇంకో పొర పూయండి. మార్కెట్లో రిలీజ్ ఏజెంట్లు ఉన్నాయి, కానీ పాలిష్ వాడేవాళ్లూ చాలామంది ఉన్నారు. స్టాక్ లోపల స్క్రూల చుట్టూ అల్యూమినియం గొట్టాలు, అంటే పిల్లర్లు, ఉండాలి, చుట్టూ పాత ఉపరితలాన్ని గరుకు చేసి, డెవ్‌కాన్ గానీ మెరైన్‌టెక్స్ గానీ (రెండూ ఎపాక్సీలే) కలిపి లగ్ గుంతలో మొదట నింపి, తర్వాత మిగతా చోట్ల పరచండి. మన రైఫిల్‌కు బ్యారెల్ బరువెక్కువ కాబట్టి లగ్ ముందు షాంక్ కింద కూడా ఒక అంగుళం మేర బెడ్డింగ్ వేయడం మంచిది, యాక్షన్‌కు కాస్త ఆసరా దొరుకుతుంది.

యాక్షన్‌ను మెల్లగా లోపలికి నొక్కండి, పక్కలనుంచి బూడిదరంగు జిగురు బయటికొస్తుంది, రావాలి కూడా. రాలేదంటే లోపల ఎక్కడో ఖాళీ మిగిలిందని అర్థం. ఇక్కడ స్క్రూలు బిగించకూడదు, బిగిస్తే ఉన్న వంపు అలాగే అచ్చు పడిపోతుంది. రబ్బరు ట్యూబుతోనో ఎలక్ట్రికల్ టేపుతోనో చుట్టి వదిలేసి, బయటికొచ్చినదాన్ని చెవిలో పెట్టుకునే దూది పుల్లలతో తుడిచేయండి. ఇరవై నాలుగు గంటలు ముట్టుకోవద్దు. మర్నాడు ఊడదీసేటప్పుడు టక్కుమని ఒక శబ్దం వస్తుంది, అది వినేదాకా ఎవరికైనా కంగారుగానే ఉంటుంది.

సరిగ్గా కుదిరిందా లేదా అన్నది డయల్ ఇండికేటర్ చెబుతుంది. దాన్ని బ్యారెల్‌కు కట్టి ముల్లు స్టాక్ కొన మీద ఆనించి, ముందు స్క్రూ వదులు చేసి మళ్లీ బిగించి చూడండి. అంగుళంలో వెయ్యోవంతులు రెండు మూడు దాటి కదిలితే బెడ్డింగ్ మళ్లీ చేయాల్సిందే. బ్యారెల్ మిగతా పొడవునా స్టాక్‌ను తాకకూడదు, మడిచిన నోటు అటూ ఇటూ తేలిగ్గా జారాలి. వెస్ట్ వర్జీనియాలో మెల్విన్ ఫోర్బ్స్ తన తేలిక రైఫిళ్లకు బ్యారెల్ పొడవునా బెడ్డింగ్ చేశాడు కదా అని ఎవరైనా అంటారు. నిజమే, అక్కడ పెన్సిల్ లాంటి బ్యారెల్, అంతే బిగువైన కెవ్లార్, గ్రాఫైట్ స్టాక్, రెండూ కలిసి ఒక ముద్దలా పనిచేస్తాయి. మన బ్యారెల్‌కు ఆ ఆసరా అక్కర్లేదు.

యాక్షన్ స్క్రూలు ఉక్కు యాక్షన్, పిల్లర్లు అయితే మామూలుగా 65 ఇంచ్‌పౌండ్లకు బిగిస్తారు, టైటానియానికి తయారీదారు ఎంత చెబితే అంతే. టార్క్ రెంచి కొనండి, చెయ్యి లెక్క పనికిరాదు. వేటకు ట్రిగ్గర్ రెండున్నర, మూడు పౌండ్ల దగ్గర పెట్టండి, చలిలో మొద్దుబారిన వేలికి అంతకంటే తక్కువ ప్రమాదం. స్కోప్ ఫ్యాషన్ కోసం పెద్దది పెడితే ఇంత లెక్కా గంగలో కలిసినట్టే. ల్యూపోల్డ్ 2.5-8x36 లాంటిది పన్నెండు ఔన్సులలోపే వస్తుంది, జింకకు అంతకు మించి అవసరం లేదు.

అంతా బిగించాక రైఫిల్‌ను ఖాళీగా ఉంచి, ముందు యాక్షన్ స్క్రూ దగ్గర ఒక వేలి మీద నిలబెట్టి చూడండి. అక్కడ గానీ దానికి అర అంగుళం ముందుగానీ సమంగా తూగితే మీరు ఔన్సులు సరైన చోటే పెట్టారు. తోక బరువెక్కువై మూతి పైకి లేస్తుంటే స్టాక్‌లో, ప్యాడ్‌లో బరువు తగ్గించే మార్గం చూడండి గానీ బ్యారెల్ చివర ఏదో తగిలించకండి.

రేంజ్‌కు వెళ్లినప్పుడు చల్లటి బ్యారెల్‌తో మూడు పేల్చి ఆగి, పూర్తిగా చల్లారాక ఇంకో మూడు పేల్చండి. జింక ఎదురుపడినప్పుడు మీరు పేల్చేది చల్లటి బ్యారెల్‌తోనే కాబట్టి మొదటి తూటా ఎక్కడ పడిందన్నదే ముఖ్యం. 200 గజాలకు జీరో చేస్తే, అంటే గురి పెట్టిన చోటే తగిలేలా స్కోప్ సరిచేస్తే, 100 దగ్గర సుమారు రెండు అంగుళాలు పైన, 300 దగ్గర ఏడెనిమిది అంగుళాలు కింద తగులుతుంది. ఇది మీ తూటాతో, మీ రైఫిల్‌తో కాగితం మీద కొట్టి చూసుకోవాల్సిందే, డబ్బా మీద అచ్చేసిన పట్టిక మీ బ్యారెల్‌ను చూసి వేసింది కాదు.

ఒక్క మాట, రేంజ్‌కు వాడే బ్యాగు వేరే పెట్టుకోండి. ఆ బ్యాగే సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు లగేజీ అయి, అడుగున సైడు జేబులో మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనిపించిందంటే ఆయుధాల చట్టం కింద కేసు, పోలీస్ స్టేషన్, పాస్‌పోర్టు తలనొప్పి అన్నీ వరసగా మొదలవుతాయి.