చైనీస్ టైపింగ్, 4వ పాఠం: మధ్యలో ఇంగ్లీషులోకి వెళ్ళి రావడం

పోయిన పాఠంలో విండోస్‌లో మైక్రోసాఫ్ట్ పిన్‌యిన్ కీబోర్డు పెట్టుకున్నాం, అంటే చైనీస్ మాట ఉచ్చారణని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే చైనీస్ అక్షరాలిచ్చే కీబోర్డు. ఎన్, ఐ, హెచ్, ఎ, ఓ వరసగా కొట్టి స్పేస్ నొక్కితే ‘నీ హావ్’ (నమస్కారం) అక్షరాలు పడటం చూశాం. కానీ చిన్న మెసేజ్ రాయాలన్నా మధ్యలో ఒక మెయిల్ ఐడీయో, ఒక ఇంగ్లీషు పేరో తగులుతుంది. ఈ పాఠం దాని గురించే.

ముందు ఒక సంగతి బాగా పట్టుకోండి. ఇక్కడ మార్పులు రెండు రకాలు. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే కీబోర్డే మారిపోతుంది. షిఫ్ట్ ఒక్కటే నొక్కి వదిలితే కీబోర్డు పిన్‌యిన్‌గానే ఉంటుంది, దాని లోపల చైనీస్ పోయి ఇంగ్లీషు వస్తుంది. కొత్తవాళ్ళకి తికమకంతా ఈ రెండూ కలిసిపోవడం వల్లే.

టాస్క్‌బార్‌లో కుడివైపు గడియారం దగ్గర చూడండి. నిలువు గీత మధ్యగా దిగిన చిన్న డబ్బా లాంటి అక్షరం కనబడితే చైనీస్‌లో ఉన్నట్టు. షిఫ్ట్ నొక్కగానే అక్కడ ఇంకాస్త గజిబిజి గీతల అక్షరం వస్తుంది, అది ఇంగ్లీషుకి గుర్తు. టైప్ చేసే ముందు ఒకసారి అటు చూడటం అలవాటు చేసుకోండి.

మన దగ్గర చాలామందికి తెలుగు కీబోర్డు కూడా ఉంటుంది. అప్పుడు విండోస్ కీ, స్పేస్‌తో మూడింటి మధ్య తిరగాలి, అది విసుగు. నా సలహా ఏమిటంటే, తెలుగు కావాలన్నప్పుడే కీబోర్డు మార్చండి. చైనీస్, ఇంగ్లీషు రెండిటికీ పిన్‌యిన్‌లోనే ఉండి షిఫ్ట్ వాడండి.

ఒక్క మాట కోసమైతే షిఫ్ట్ కూడా అక్కర్లేదు. హోటల్‌కి వెళ్తే ముందు అడిగే ప్రశ్నే తీసుకుందాం, ‘వైఫై ఉందా?’ అని. వై, ఓ, యు కొట్టండి. కింద అక్షరాల వరస వస్తుంది. ‘ఉంది’ అనే అర్థమున్నది మొదట ఉంటే స్పేస్, లేకపోతే దాని నంబరు నొక్కండి. తరవాత డబ్ల్యూ, ఐ, ఎఫ్, ఐ కొట్టి స్పేస్ బదులు ఎంటర్ నొక్కండి. ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలూ అలాగే పడిపోతాయి. మీరు ఇంకా చైనీస్‌లోనే ఉన్నారు కాబట్టి ఎం, ఎ కొట్టి ప్రశ్నార్థక పదాన్ని ఎంచుకుంటే వాక్యం పూర్తయింది.

ఇక అసలు చిక్కు విరామ చిహ్నాలతో. చైనీస్‌లో ఉండగా చుక్క కీ నొక్కితే చుక్క రాదు, చిన్న సున్నా లాంటి చైనీస్ ఫుల్‌స్టాప్ వస్తుంది. కామా, బ్రాకెట్లు కూడా ఒక పూర్తి అక్షరమంత వెడల్పుగా పడతాయి. ఉత్తరంలో ఇది సరైనదే. మెయిల్ అడ్రస్‌లో పడిందా, మెయిల్ వెళ్ళదు. ప్రోగ్రామింగ్ చేసేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చైనీస్ సెమికోలన్ చూడటానికి మామూలు దానిలాగే ఉంటుంది, కంపైలర్ మాత్రం ఒప్పుకోదు. తప్పెక్కడో తెలియక టెన్షన్ పడే బదులు ముందు ఆ సెమికోలన్ చెరిపి, షిఫ్ట్ నొక్కి, మళ్ళీ కొట్టి చూడండి. అక్షరాలు చైనీస్‌లోనే ఉంచి గుర్తులు మాత్రం ఇంగ్లీషువి కావాలంటే కంట్రోల్ పట్టుకుని చుక్క కీ నొక్కాలి. మళ్ళీ అదే నొక్కితే పాత పద్ధతికి వస్తుంది.

పెద్ద అక్షరాల కోసం షిఫ్ట్ పట్టుకుని, మనసు మార్చుకుని ఊరికే వదిలేస్తే భాష మారిపోతుంది. ఇది మీకు తరచూ జరుగుతుంటే పిన్‌యిన్ సెట్టింగ్స్‌లో కీస్ అనే చోటికి వెళ్ళి, ఆ పనికి షిఫ్ట్ బదులు కంట్రోల్ పెట్టుకోవచ్చు.

మ్యాక్ వాడేవాళ్ళకి క్యాప్స్ లాక్ కీతో ఇంగ్లీషుకి వెళ్ళి వచ్చే ఏర్పాటు ఉంది. కీబోర్డు సెట్టింగ్స్‌లో, ఇన్‌పుట్ సోర్సెస్ దగ్గర దాన్ని ఆన్ చేసుకోండి.

ఈ వారం అభ్యాసం: మీ పేరు చైనీస్ వాక్యంలో ఇంగ్లీషు అక్షరాలతో, ఆ కింద మీ మెయిల్ ఐడీ, మౌస్ ముట్టుకోకుండా రాయండి. వచ్చే పాఠంలో ‘న్యూ’, ‘ల్యూ’ లాంటి శబ్దాలకి వి కీ ఎందుకు వాడతారో చూద్దాం.